పైన పటారం, లోన లొటారం

పాత మోటారు బోటు సీట్లు పాడయ్యాయి అని గుడిలో తోటి వాలంటీర్లతో అంటే రెండు సలహాలు ఉచితంగా దొరుకుతాయి. ఒకటి, "బోటే తీసేయండి అంకుల్, కొత్తది కొనుక్కోండి." రెండోది, "పాత దాని మీదే కొత్త రెక్సిన్ బిగించెయ్యండి, లోపల ఎవరు చూస్తారు?" మొదటిది డబ్బు దండగ. రెండోది ప్రమాదం. రెండూ తప్పే అని నా వాదన. కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ముందు భాష సంగతి. కుషన్‌ని మా అమ్మమ్మ మెత్త అనేది, నేనూ అదే రాస్తాను. స్టేపుల్‌కి తెలుగు మాట వెతికాను, దొరకలేదు. అలాగే ఉంచేశాను.

మేముండేది మిషిగన్‌లో. ఇక్కడ సరస్సులకీ కొదవ లేదు, పాత ఫైబర్‌గ్లాస్ బోట్లకీ కొదవ లేదు. నాది 1980ల నాటి 17 అడుగుల బోటు. ఆ కాలం బోట్లలో వీపుకి వీపు ఆనించి కూర్చునే సీట్లు ఎక్కువ. మడత విప్పితే మంచంలా పరుచుకుంటాయి. బాగా చూసుకుంటే ఫైబర్‌గ్లాస్ దశాబ్దాలు నిలుస్తుంది. సీట్లు అన్నాళ్లు నిలవవు. మరి సీటు పోయిందని బోటు పారేయడం ఏం లెక్క? పారేసిన ఫైబర్‌గ్లాస్ మట్టిలో కలవదు, కరిగించి మళ్లీ వాడుకుందామంటే ఇనుములా కరగదు.

ఇక రెండో సలహా. దీని మీదే నాకు అసలు కోపం. సీటు ఎలా పాడవుతుందో చూడండి. ఎండకి రెక్సిన్ గట్టిపడి పగులుతుంది. కుట్టిన దారం పుచ్చిపోతుంది. సూది కన్నాల్లోంచి నీళ్లు దిగుతాయి. మామూలు స్పాంజి ఆ నీళ్లు తాగి కూర్చుంటుంది. దాని కింద ప్లైవుడ్ పలక నాని నాని పొరలుగా విడిపోతుంది. చలికాలం గాలి ఆడకుండా కవరు కప్పేస్తే ఆ తడికి బయటికి పోయే దారే లేదు. పైన చిరుగు కనపడే నాటికి లోపల నాశనం చాలావరకు అయిపోయి ఉంటుంది.

సీటు మడతబందుల స్క్రూలు ఆ పలకలోకే బిగించి ఉంటాయి. పుచ్చిన చెక్క స్క్రూని పట్టుకోదు. ఆ సీట్లో మనం ఎవరిని కూర్చోబెడతాం? ఇండియా నుంచి వచ్చిన అత్తగారినీ, ఈత రాని మామగారినీ. బోటు వేగం అందుకోగానే వాళ్లు వెనక్కి ఆనుకుంటారు. కొత్త రెక్సిన్ మెరుపు చూసి గట్టి సీటే అనుకుంటారు పాపం.

కాబట్టి విప్పండి. మొత్తం విప్పండి. పాత కవరు పారేయకండి, కుట్లు ఊడదీస్తే కొత్తదానికి అదే ఆది. దర్జీకి ఆది జాకెట్టు ఇస్తామే, అలాగే. పలకకి మెరైన్ ప్లైవుడ్ మంచిది. లేదా బయట వాడే రకం కొని, నీళ్లు పోయే కన్నాలు పెట్టి, అంచులకీ కన్నాలకీ ఎపాక్సీ పూయండి. రసాయనం ఎక్కించిన ట్రీటెడ్ చెక్క వద్దు, అందులోని రాగి మామూలు స్టేపుళ్లని తినేస్తుంది. స్టేపుళ్లు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. నీళ్లు నిలవకుండా కారిపోయే పెద్ద కన్నాల స్పాంజి దొరుకుతుంది, ఖరీదెక్కువ, అయినా తడిసే సీట్లకి అదే న్యాయం. దారం ఎండకి తట్టుకునే పాలియెస్టర్‌ది. నూలు దారం వద్దే వద్దు.

"అంత పని ఈ వయసులో ఎందుకు?" అంటారు. షాపు వాళ్లు నాకు చెప్పిన ధర బోటు ధర కన్నా ఎక్కువ, అందుకు! ఇంటి కుట్టు మిషన్ ఆ మందం మీద మొరాయిస్తుంది, నిజమే. కుట్టు ఒక్కటీ బయట ఇవ్వండి. చెక్క, స్పాంజి, స్టేపుళ్లు మన చేతి పనే. నా చిన్నప్పుడు మా ఊళ్లో స్కూటరు సీటు చిరిగితే స్కూటరు అమ్మేసినవాడు లేడు. రోడ్డు పక్క సీటు కవర్ల షాపులో పడేసి, సాయంత్రానికి తెచ్చుకునేవాళ్లం. అమెరికా వచ్చాక ఆ తెలివి ఎటు పోయింది?

ఇంకొకటి. మీరు చేసిన మెత్త ప్రాణరక్షణ సాధనం కాదు. 16 అడుగులు దాటిన బోటులో నీళ్లలో పడ్డవాళ్లకి విసరడానికి కోస్ట్ గార్డ్ ఆమోద ముద్ర ఉన్నది ఒకటి విడిగా ఉండాలి. సీటు మెత్త ఉందిగా అని అది మానేయకండి.

తర్వాత బూజు పట్టిందని బ్లీచ్ పోయకండి, కుట్లు బలం పోతాయి. సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్ చాలు. చలికాలం మెత్తలు ఇంట్లోకి తెచ్చి, గాలి తగిలేలా నిలబెట్టండి.

ఈ అక్టోబరులో బోటు గట్టెక్కించగానే ఒక్క సీటు తిరగేసి నాలుగు స్టేపుళ్లు పీకండి. పలకని బొటనవేలితో నొక్కండి. వేలు లోపలికి దిగితే, వచ్చే ఎండాకాలం దాని మీద ఎవరినీ కూర్చోబెట్టకండి.