శాలువా దక్కని బిల్డ్ టీము

మా మంగళగిరి ఐటీ ఆఫీసులో యాప్ రిలీజైతే కేకు కోస్తారు. స్క్రీన్లు గీసినమ్మాయి ఫొటోలో ముందుంటుంది, మేనేజరుగారికి శాలువా. ముందురోజు రాత్రి ఇద్దరు ఒకే ఫైల్లో చేతులు పెట్టి కూర్చుంటే, కోడ్ మార్పుల లెక్క రాసే గిట్ చూపించే ఏడేసి కోణపు గుర్తుల మధ్య ఎవరి లైను ఉంచాలో, ఎవరిది తీసేయాలో తేల్చి, తెల్లారేలోగా బిల్డ్ పాస్ చేయించింది నేను. నన్ను ‘సపోర్టు’ అంటారు. జీతాల హైకుల జాబితాలో మాత్రం మా పేర్లు అట్టడుగున.

చిన్నచూపు మా ఒక్కరికేనా? పనిముట్లకూ తప్పలేదు. ఏ ఫైలు మారిందో కనిపెట్టి, దాని మీద ఆధారపడ్డవాటినే మళ్లీ కట్టే ‘మేక్’ను స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో రాశాడు. కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం వాళ్లకు ఆయన గుర్తొచ్చి అవార్డు ఇచ్చేసరికి 2003. (ట్యాబ్ కొట్టాల్సినచోట స్పేసు కొడితే అది ఇప్పటికీ మొండికేస్తుందనుకోండి, ఆ కోపం నాకూ ఉంది.) 2005లో గిట్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అందరికీ తెలుసు. ఆ ఏడాది జులైలోనే దాని బాధ్యత నెత్తికెత్తుకున్న జునియో హమానో పేరు చెబితే మా ఫ్లోర్లో ఎవరాయన అంటారు.

నిన్నటిదాకా నడిచింది ఇవాళ ఆగిపోతే, వెయ్యి మార్పుల్లో దోషి ఎక్కడుందో ‘గిట్ బైసెక్ట్’ సగానికి సగం కోసుకుంటూ పది పరీక్షల్లో పట్టిస్తుంది. అది నేర్చుకోవడం మాత్రం ఎవరి కెరీర్ ప్లాన్లోనూ ఉండదు.

మగ్గాల ఊరైన మంగళగిరికి ఈ చిన్నచూపు సంగతి వేరే చెప్పాలా! నిజాం అంచు చీరను అందరూ మెచ్చుకుంటారు. అయిపోయిన పడుగుకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతికిన చేతుల్ని అడిగేదెవరు?

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ పాలన 161 సేవలతో మొదలైతే అందరం బాగుందన్నాం. ఆ తర్వాత సేవలు పెరుగుతూ వచ్చాయి. కొత్తది చేర్చిన ప్రతిసారీ పాతది చెడకుండా చూడటం కూడా పనే, బాబూ!

మేనేజర్లూ, వచ్చే రిలీజ్ మెయిల్లో బిల్డ్ చూసినవాళ్ల పేర్లు కూడా రాయండి, హైకులప్పుడు ఆ మెయిల్ ఓసారి తెరవండి. లెక్చరర్లూ, ప్రాజెక్టు వైవాకు ‘ఫైనల్ ఫైనల్ 2’ జిప్ ఫైలు పట్టుకొచ్చిన పిల్లల్ని, మార్పుల చరిత్ర చూపిస్తేగానీ మార్కులు లేవని వెనక్కి పంపండి.