అయిదు గెలిచీ మూడోవాడు

బ్రేకులు లేని మోటారు సైకిళ్ళపై నలుగురేసి చోదకులు అండాకారపు మట్టిబాటలో నాలుగు చుట్లు తిరిగే పందెం స్పీడ్‌వే. 1936లో లండన్‌లోని వెంబ్లీలో దాని తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ తుదిపోరు జరిగింది. ఆస్ట్రేలియాకు చెందిన బ్లూయీ విల్కిన్సన్ ఆ రాత్రి తన అయిదు పందేలూ గెలిచాడు. అయినా దక్కింది మూడో స్థానమే! అర్హత పోటీల్లో సంపాదించిన బోనస్ పాయింట్లను తుది లెక్కలో కలపడమే కారణం. కిరీటం లయొనెల్ వాన్ ప్రాగ్‌కు దక్కింది.

నిలకడకు విలువ ఉండాలన్న వాదన కొట్టిపారేయదగినది కాదు. కానీ అర్హత పోటీ గడప వంటిది. దాటి వచ్చినవారందరూ లోపల సమానులే కావాలి. 1938లో విల్కిన్సన్ ప్రపంచ విజేత అయ్యాడు. అంతమాత్రాన మొదటి అన్యాయం చెల్లిపోయిందని నేననుకోను.