ఋణపత్రమున నెవరి పేరు?

భూపాలపల్లినుండి మా తోడికోడలు మొన్న జనగామ వచ్చి, మా మఱిదిగారి ఆదాయపు పన్ను లెక్కకాగితమును మాముందుంచెను. కుమారుని ఇంజనీరింగు చదువునకై ఆమె, పొలము తనపేర నున్నదని, బ్యాంకు ఋణమును తనపేరనే తీసికొనెనట. వడ్డీ కట్టునది భర్త జీతము. ఆ వడ్డీ ఆయన లెక్కలో నొక్క రూపాయియు తగ్గలేదు. పొలమును తాకట్టుపెట్టి చదువు నిలిపిన తల్లికిది యెంత చిన్నతనము!

నియమమిది. 1961 నాటి చట్టమున 80ఇ సెక్షనుగానుండి, 2026 ఏప్రిలు 1 నుండి అమలగు క్రొత్త చట్టమునను నిలిచిన యీ సదుపాయము, ఋణము తీసికొని తన ఆదాయమునుండి వడ్డీ చెల్లించువారిదే. తనకు, భార్యకు లేక భర్తకు, బిడ్డలకు చదువైన చాలును. అసలు లెక్కకు రాదు. వడ్డీ యెంతయైనను వచ్చును, కట్ట నారంభించిన యేడు మొదలు 8 ఏండ్లవఱకు. బంధువులయొద్ద చేబదులు తెచ్చినచో నేమియు లేదు.

కళాశాల ఫీజు సంగతి వేరు. భవిష్యనిధి, జీవితభీమాలతోఁ గలిపి 1,50,000 రూపాయలలోపుగా, ఇద్దఱు బిడ్డల బోధనా రుసుమునకే తగ్గింపు. మహబూబాబాదులోని మా చెల్లెలు హాస్టలు, బస్సు ఖర్చులనుఁగూడఁ గూడినది, అవి చెల్లవు.

ఇవన్నియుఁ బాతపద్ధతిని కోరుకొన్నవారికే. 2023–24 నుండి కోరనివారికిఁ గ్రొత్తపద్ధతియే వర్తించును. 2025–26 నుండి అందు 12 లక్షల జీతమువఱకుఁ బన్నే లేదు గనుక, మావంటి బడిపంతుళ్ల యిండ్ల రసీదులు పెట్టెలోనే యుండును. గని జీతమువారు మాత్రము రెండు విధములను లెక్కవేసి చూడవలెను.

వచ్చే యేడు తోడికోడలి కూఁతురు ఫార్మసీలోఁ జేరును. ఈసారి ఋణపత్రముపై మా మఱిదిగారే ముందు సంతకము చేయుదురట.