ఇంపాలా గేర్‌బాక్స్‌ను కాల్చుకోవద్దు

తెలుగువాళ్లకు ఇంపాలా అంటే పాత సినిమాల్లో బంగళా పోర్టికోలోకి మెల్లగా వచ్చి ఆగే పడవంత కారు. షెవర్లే కంపెనీ దాన్ని అమెరికాలో 1958 మోడల్‌గా తెచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో కొన్ని మన దేశానికీ వచ్చాయి. ఇక్కడ అంబాసిడర్, ఫియట్ డ్రైవర్లు స్టీరింగ్ కింది గేరు రాడ్డుతో కుస్తీ పడుతున్న రోజుల్లో, అమెరికాలో అమ్ముడైన ఇంపాలాల్లో చాలావాటికి క్లచ్ పెడలే లేదు. పవర్‌గ్లైడ్ అనే రెండు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉండేది. ఇప్పుడు అలాంటి కారు చేతికొస్తే రంగుకు, క్రోమియం పూతకు, సీట్ల కుట్టుకు లక్షలు పోస్తారు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎంత వేడెక్కుతోందో చూసేవాళ్లు మాత్రం అరుదు. చూడాలంటాను. చూశాక, రేడియేటర్ ముందు ఒక చిన్న ఆయిల్ కూలర్ బిగించాలంటాను. దానివల్ల కారు అసలుదనం పోతుందని చాలామంది భయపడతారు. నా లెక్కలో ఆ అసలుదనాన్ని కాపాడేదే ఆ కూలర్.

మామూలు గేర్లున్న కారులో ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను క్లచ్ ప్లేటు గట్టిగా పట్టి కలుపుతుంది. ఆటోమేటిక్‌లో ఆ పని ఆయిల్‌ది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాన్ని ఆన్ చేస్తే ఆ గాలికి రెండోది తిరుగుతుంది కదా, టార్క్ కన్వర్టర్‌లోనూ అంతే: ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ను విసురుతాయి, ఆ తాకిడికి గేర్‌బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి. రెండో వైపు ఎప్పుడూ కాస్త వెనకబడే ఉంటుంది. ఆ జారుడులో పోయిన శక్తంతా ఆయిల్లో వేడిగా దిగుతుంది. హైవే మీద రెండు వైపులనూ కలిపి బిగించే లాకప్ ఏర్పాటు ప్యాకార్డ్ కార్లలో 1949లోనే వచ్చినా, క్రైస్లర్ 1978 మోడళ్లలో పెట్టిన తర్వాతే విరివిగా వాడుకలోకి వచ్చింది. అందుకే 1960ల ఇంపాలాలో ఈ జారుడు ప్రయాణం పొడుగునా ఉంటుంది. ఇంజిన్ 40 కిలోవాట్లు ఇస్తుంటే అందులో 5 శాతం జారిపోయిందనుకోండి, 2 కిలోవాట్లు. స్నానాల గదిలో గీజర్ తీసుకునే కరెంటు అంత. ఇంట్లో గీజర్‌ను పావుగంటలో ఆపేస్తాం, ఇక్కడ అది గంటల తరబడి ఆయిల్‌ను కాస్తూనే ఉంటుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు లెక్క ఇంకా పెరుగుతుంది. సిగ్నల్ దగ్గర గేరులోనే ఉంచి బ్రేకు తొక్కి నిలబడ్డా, బండి ఆగుతుంది గానీ కన్వర్టర్ లోపల చిలకడం ఆగదు.

కంపెనీ దీనికి ఏర్పాటు చేయకపోలేదు. రేడియేటర్ ట్యాంకు లోపలే ఒక చిన్న గొట్టం పెట్టింది. ఆయిల్ అందులోంచి పోతూ చుట్టూ ఉన్న కూలెంట్‌కు వేడి ఇచ్చి తిరిగొస్తుంది. ఇబ్బందల్లా, ఆయిల్ ఆ కూలెంట్ కంటే చల్లబడలేదు. థర్మోస్టాట్ తెరుచుకునేదే 80, 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర. అరవై ఏళ్ల రేడియేటర్‌లో దారులు తుప్పుతో, మడ్డితో పూడుకుపోయి, దాని ముందు తర్వాతెప్పుడో బిగించిన ఏసీ కండెన్సర్ వేడిగాలి తోస్తుంటే, మే నెల హైదరాబాద్ ట్రాఫిక్‌లో కూలెంట్ 100 దాటడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు ఆయిల్‌ను చల్లార్చాల్సిన రేడియేటరే దాన్ని కాగబెడుతుంది. గేర్‌బాక్స్ పనివాళ్లలో చాలాకాలంగా వాడుకలో ఉన్న కొండగుర్తు ఒకటుంది: 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుంది. 80 దగ్గర లక్షా 60 వేల కిలోమీటర్లు వచ్చే ఆయిల్ 102 దగ్గర 40 వేలు, 113 దగ్గర 20 వేలే వస్తుంది. ఆయిల్‌ను బట్టి అంకెలు అటూఇటూ అవుతాయి, పడిపోవడం మాత్రం ఖాయం. 125, 130 డిగ్రీలకు చేరితే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. సీలు పక్కనుంచి ఒత్తిడి తప్పించుకుంటే గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు పట్టు తప్పి జారతాయి. జారితే మళ్లీ వేడి. ఇక ట్యాంకు లోపలి గొట్టానికి తుప్పుపట్టి చిల్లు పడితే కూలెంట్, ఆయిల్ కలిసి లేత గులాబీ రంగు లస్సీలా తయారవుతాయి, ఆ నీళ్లు తగిలిన క్లచ్ ప్లేట్ల మీద అంటించిన పూత ఊడొస్తుంది. పాత రేడియేటర్ మీద నమ్మకం లేకపోతే ఆయిల్‌ను అసలు అందులోకే పోనివ్వకుండా, తగినంత పెద్ద కూలర్ ఒక్కదానికే పంపడం మేలని నేననడానికి కారణం ఇదే.

మన ఎండల్లో గాలితో చల్లార్చడమేమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. విజయవాడలో రోహిణి కార్తె గాలి 45 డిగ్రీలుందనుకుందాం, ఆయిల్ 110 ఉందనుకుందాం. మధ్య తేడా 65. అదే ఆయిల్ 95 డిగ్రీల కూలెంట్ పక్కన ఉంటే తేడా 15. వేడి దిగేది తేడాను బట్టి. గాలి కంటే కూలెంట్ వేడిని బాగా లాగుతుందన్నది నిజమే, అందుకే కూలర్ మరీ చిన్నది కాకూడదు, ఫ్యాన్ లాగే గాలి దారిలోనే ఉండాలి. మిన్నెసోటా చలిలో తిప్పేవాళ్లది వేరే సంగతి. అక్కడ ఆయిల్ తగినంత వేడెక్కకపోవడమూ సమస్యే కాబట్టి, ముందు రేడియేటర్‌లోంచి పోనిచ్చి తర్వాత కూలర్‌కు పంపాలి, లేదా చల్లటి ఆయిల్‌ను కూలర్‌లోకి పోనివ్వని థర్మోస్టాట్ వాల్వు పెట్టాలి. ఫీనిక్స్‌లోనో డాలస్‌లోనో పాత కారు తిప్పే తెలుగువాళ్ల వేసవి మాత్రం మన వేసవికి దగ్గర.

అసలు పట్టుదల వచ్చేది అసలుదనం దగ్గర. ఫ్యాక్టరీలో లేనిది తగిలిస్తే పాత కారుకు విలువేముంటుందంటారు. ఆ మాట అనేవాళ్లు కారును ప్రేమించేవాళ్లే, అందుకే వాళ్లకు జవాబు ఓపికగా చెప్పాలి. ఒకటి, ట్రెయిలర్ లాగే కార్లకు, పోలీసు కార్లకు అమెరికన్ కంపెనీలే అదనపు ఆయిల్ కూలర్ బిగించి ఇచ్చేవి. రేడియేటర్‌లోని చిన్న గొట్టం మామూలు వాడకానికి సరిపెట్టినదేనని దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ రోజుల ఇంజినీర్లు మన నగరాల్లో గంటసేపు నత్తనడక నడిచే కారును లెక్కలోకి తీసుకుని ఉండరు. రెండు, అసలుదనం అంటున్న గేర్‌బాక్స్‌లో ఆయిలే అసలుది కాదు. అప్పట్లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల మొదట్లో తిమింగలాల రక్షణ కోసం అమెరికా దాన్ని ఆపించింది. ఇవాళ మనం పోసేది వేరే మందులు కలిసిన ఆయిల్, దాన్ని తప్పంటున్నవాళ్లు ఎవరూ లేరు, అనకూడదు కూడా. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ కూడా అవసరమైన మార్పును కాదనదు. ఆ మార్పును మళ్లీ విప్పేయగలిగేలా చేయమంటుంది, తీసిన భాగాలు కారుతోపాటే దాచమంటుంది. మన దేశంలో 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు, అంటే నంబరులో వీఏ అక్షరాలిచ్చేవి, 50 ఏళ్లు దాటిన బండికి చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకూడదంటాయి. కూలర్ ఈ మూడింటి జోలికీ పోదు. మరి దేన్ని కాపాడుతుంది? 1960లలో ఫ్యాక్టరీలో బిగించిన డ్రమ్ములను, గేర్లను, కన్వర్టర్‌ను. ఒకసారి కాలిపోయాక ఆ గేర్‌బాక్స్ విప్పి ప్లేట్లు, సీళ్లు, బ్యాండ్లు కొత్తవి వేయాల్సిందే, లేదా ఇంకో కారులోంచి తెచ్చి పెట్టాల్సిందే. బానెట్ కింద కనిపించే రెండు రబ్బరు హోసుల కోసం లోపలున్న అసలు సరుకును బలిపెట్టడం నాకు నచ్చదు.

ఏడాదికి ఐదొందల కిలోమీటర్లు తిరిగే కారుకు ఇదంతా ఎందుకనే మాటా ఉంది. ఆయిల్ సంగతైతే ఒప్పుకుంటాను, ఏడాదికోసారి మార్చేస్తే సరిపోతుంది. సీళ్లకు కిలోమీటర్లతో పనిలేదు. ఒక్క పెళ్లి ఊరేగింపులో రెండు గంటలు నడక వేగంతో పోతే చాలు, వాటికి జరగాల్సిన నష్టం ఆ రాత్రే జరగొచ్చు.

నాకు కాస్త జంకు కలిగించే అభ్యంతరం వేరే ఉంది. జబ్బు ఉన్న గేర్‌బాక్స్‌కు కూలర్ పెడితే జబ్బు దాగిపోతుంది. అది నిజం. అందుకే ముందు డిప్‌స్టిక్ తీసి ఒక చుక్క తెల్లటి బట్ట మీద పడనివ్వాలి. ఎర్రగా, పల్చగా పాకితే మంచిదే. గోధుమరంగు తిరిగి, మాడు వాసన కొట్టి, మధ్యలో నల్లటి పొడి మిగిలితే ప్లేట్లు అరిగాయన్నమాట, కూలర్‌తో ఆ అరుగుదల పూడదు. ఆయిల్ మట్టం, బ్యాండు బిగింపు, కార్బురేటర్ నుంచి గేర్‌బాక్స్‌కు వచ్చే లింకేజీ సరిచూసిన తర్వాతే కూలర్ మాట. ఆయిల్ పాన్‌లో టెంపరేచర్ సెన్సర్ పెట్టి, కూలర్‌కు ముందూ తర్వాతా ఒకే రోడ్డు మీద, ఒకే వేళకు అంకెలు రాసుకోవాలి. అంకెలు లేకుండా బిగించమనే మెకానిక్ మాటను నేను నమ్మను.

కొత్త జాయింటు అంటే కారడానికి కొత్త చోటు అనేవాళ్లూ ఉన్నారు. బిగించే పద్ధతి తప్పైతే కారుతుంది. ప్లాస్టిక్ టైలను రేడియేటర్ రెక్కల్లోంచి దూర్చి కూలర్‌ను కట్టేస్తే, అదురుకు ఆ టై గొట్టాన్నే కోస్తుంది. కారులో ముందే ఉన్న బోల్టులకు బ్రాకెట్ వేసి, కింద రబ్బరు పెట్టి నిలపాలి. పెట్రోలు హోసు వాడకూడదు, గేర్‌బాక్స్ ఆయిల్ వేడికి తయారైనదే కావాలి, ఎగ్జాస్ట్ గొట్టానికి దూరంగా పోవాలి, ఏటా ఎండాకాలానికి ముందు వేళ్లతో నొక్కి చూడాలి. అసలు ఇనుప గొట్టాన్ని మాత్రం ఎక్కడా కోయకూడదు. ఆయిల్ తిరిగి వచ్చే గొట్టం నట్టును రేడియేటర్ దగ్గర విప్పి, రేడియేటర్‌కు ఒక అడాప్టర్, గొట్టం కొసకు ఒక అడాప్టర్ బిగించి, రెండింటి మధ్యా హోసులతో కూలర్ కలిపితే సరి. రేడియేటర్‌ను పూర్తిగా తప్పించాలంటే వచ్చే గొట్టానికీ ఇదే పద్ధతి. రేపు ఈ కారు కొనుక్కున్నవాళ్లకు ఇది నచ్చకపోతే రెండు స్పానర్లతో గంటలో విప్పేసి, ఆ పాత నట్టునే మళ్లీ రేడియేటర్‌కు బిగించుకోవచ్చు. కూలర్ కోసం చేసిన కొత్త కంత కారులో ఎక్కడా ఒక్కటి కూడా కనిపించదు.