కాలయంత్రం ఎక్కిన ప్రేమ

ఒకాయన ఎనిమిది లక్షల ఏళ్లు ముందుకెళ్లి తిరిగొచ్చాడు. అక్కణ్నుంచి ఏం తెచ్చాడో తెలుసా? వజ్రాలు కాదు, వైఢూర్యాలూ కాదు... జేబులో రెండు తెల్లపూలు. అవీ వాడిపోయినవే!

1895లో హెచ్.జి.వెల్స్ రాసిన 'ది టైమ్ మెషీన్' నవలలో ప్రేమ అని చెప్పుకోవాలంటే ఉన్నది అదే. ఆ పూలిచ్చిన అమ్మాయి పేరు వీనా. నీళ్లలో కొట్టుకుపోతుంటే మన కాలయాత్రికుడు కాపాడతాడు. అప్పట్నుంచీ చంటిపిల్లలా అతని వెంటే తిరుగుతుంది. ఓ రాత్రి అడవి అంటుకుంటే ఆ గందరగోళంలో దూరమైపోతుంది. అంతే, కథ ముందుకు సాగిపోతుంది.

మరి సినిమావాళ్లు ఊరుకుంటారా? 1960లో జార్జ్ పాల్ తీసిన సినిమాలో వీనా చనిపోదు. హీరో ఇంటికొచ్చి, అలమరలోంచి మూడు పుస్తకాలు తీసుకుని మళ్లీ ఆమె కాలానికే వెళ్లిపోతాడు. 2002లో వెల్స్ మునిమనవడు సైమన్ వెల్స్ మరో సినిమా తీశాడు. అందులో కాబోయే భార్య చనిపోతే ఆమెను బతికించుకోవడానికే హీరో యంత్రం చేస్తాడు. వెనక్కి వెళ్లి ఒక ప్రమాదాన్ని తప్పిస్తే ఇంకో ప్రమాదంలో పోతుంది. ఎందుకంటే... ఆమె బతికుంటే అతనికి ఆ యంత్రంతో పనే ఉండదు కదా!

పుస్తకంలో రెండు పూలు, ఒక సినిమాలో ఒక జీవితం, ఇంకో సినిమాలో ఏకంగా యంత్రానికే కారణం. సైన్స్ కథ తెర మీదికి వచ్చేసరికి ప్రేమ ఇలా పెరిగిపోతుంటుంది. అలా పెరగడం మంచిదేనా? అన్నిసార్లూ కాదు.

యంత్రం వాళ్లది... కొలువు మనది

తెలుగువాళ్లకి కాలయంత్రం అనగానే గుర్తొచ్చేది 'ఆదిత్య 369'. వెల్స్ నవల స్ఫూర్తితో సింగీతం శ్రీనివాసరావు తీసిన ఈ సినిమా 1991 జులైలో విడుదలైంది. అప్పట్లో గోపాలపట్నం నుంచో గాజువాక నుంచో అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని హాలుకెళ్లిన పిల్లలు ఇప్పుడు తామే అమ్మానాన్నలు. 2025 ఏప్రిల్‌లో 4కే హంగులతో మళ్లీ విడుదలైనప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకెళ్లే వంతు వాళ్లది.

నిజానికి దీన్ని నవలకు తెరరూపం అనలేం. వెల్స్ భయం వేరు. ఆనాటి ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య ఉన్న అగాధం అలాగే పెరిగితే మనుషులు రెండు జాతులుగా విడిపోతారని ఆయన కథ. సింగీతం ఆ భయాన్ని పక్కనపెట్టి యంత్రాన్ని మాత్రం తీసుకున్నారు. తిన్నగా 1526కి, శ్రీకృష్ణదేవరాయల కొలువుకి నడిపించారు. తెలుగువాడు వెనక్కి వెళ్లే అవకాశం వస్తే ముందు ఎక్కడికి వెళ్తాడు? రాయలవారి దగ్గరికే కదా! అక్కడ తెనాలి రామకృష్ణుడు కూడా పలకరిస్తే ఇంకేం కావాలి? అందుకే యంత్రం అరువుదైనా సినిమా మనదైపోయింది.

అయితే అందులో ప్రేమ? కృష్ణకుమార్, హేమ కలిసే యంత్రం ఎక్కుతారు. రాయల కాలమైనా, అణుయుద్ధం తర్వాతి 2504 అయినా ఇద్దరూ జంటగానే చూసొస్తారు. ఆపదలున్నాయి, అల్లరి ఉంది. కానీ కాలం వాళ్లను విడదీయదు. ప్రేమ ఇక్కడ ప్రయాణికురాలు మాత్రమే.

విడదీసే దూరాన్ని అంతకు ముందే చూపించిన సినిమా ఒకటుంది. 1957లో కె.వి.రెడ్డి తీసిన 'మాయాబజార్'. దానికి సింగీతం సహాయకుడిగా పనిచేశారు. అందులో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? మూత తీస్తే, చూసేవాళ్లకి అత్యంత ఇష్టమైనదేదో అది కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు. వీడియో కాల్ లేని రోజుల్లో ఎంత ఊహ! ఆ పెట్టెకు అంత విలువ ఎలా వచ్చిందంటే... వాళ్లిద్దరూ ఒక చోట లేరు కాబట్టి.

ఒక్క నాణెం చాలు

అసలు యంత్రమే లేకుండా కాలప్రయాణం కుదురుతుందా? అమెరికా రచయిత రిచర్డ్ మాథెసన్ కుదిర్చాడు. 1975లో ఆయన రాసిన 'బిడ్ టైమ్ రిటర్న్' నవలలో హీరో ఓ పాత హోటల్లో ఎప్పటిదో నటి ఫొటో చూసి మనసు పారేసుకుంటాడు. ఆ కాలం దుస్తులు వేసుకుని, తనను తానే నమ్మించుకుని, ఆమె కాలానికి చేరతాడు.

దీన్నే 1980లో 'సమ్‌వేర్ ఇన్ టైమ్' సినిమాగా తీశారు. స్క్రీన్‌ప్లే కూడా మాథెసనే రాశాడు. సొంత నవలే కదా అని మొహమాటపడలేదు. కథాస్థలాన్ని కాలిఫోర్నియా నుంచి మిషిగన్‌లోని ఓ దీవికి మార్చాడు. 1896ని 1912 చేశాడు. నవలలో హీరోకి మెదడులో కణితి ఉంటుంది. దాన్ని తీసేశాడు. మరి ఉంచిందేమిటి? ఫొటో, హోటలు, ఒక పైసా నాణెం. జేబులో మిగిలిపోయిన ఆ 'ఇప్పటి' నాణెం కంటపడగానే హీరో ఆమె కళ్లముందే తన కాలంలోకి జారిపోతాడు. ఎన్ని మార్చినా ఆ ఎడబాటును మాత్రం ముట్టుకోలేదు. విడుదలైనప్పుడు అంతంతమాత్రంగా ఆడిన ఆ సినిమా తర్వాత టీవీల్లో ఇంటింటికీ చేరింది. షూటింగ్ జరిగిన ఆ దీవి హోటల్లో ఏటా అక్టోబరులో అభిమానులు కలుసుకోవడం ఆనవాయితీ అయింది.

ఎదురుచూపును కుదిస్తే...

2003లో వచ్చిన ఆడ్రీ నిఫెనెగర్ నవల 'ది టైమ్ ట్రావెలర్స్ వైఫ్'ది ఇంకో దారి. హెన్రీకి ఓ జన్యులోపం. ఉన్నవాడు ఉన్నట్టే ఇంకో కాలంలోకి మాయమైపోతాడు. ఒంటిమీది బట్టలు కూడా ఇక్కడే పడిపోతాయి. భార్య క్లేర్‌కి మిగిలేది ఎదురుచూపే. అతను చనిపోయాక కూడా, ఒక్కసారి కనిపిస్తాడన్న ఆశతో 82 ఏళ్ల వయసుదాకా చూస్తుంది.

2009లో సినిమా తీసినప్పుడు ఆ ముగింపు మార్చేశారు. క్లేర్ ఇంకా వయసులో ఉండగానే, కూతురు చిన్నపిల్లగా ఉండగానే అతను వచ్చి పలకరించి వెళ్తాడు. కంటికి ఇంపుగానే ఉంటుంది. కానీ నవల చదివినవాళ్లకు గుండెలో గుచ్చుకున్నది ఆ ముసలి క్లేరే. ఎదురుచూపు తగ్గేసరికి ఆ ప్రేమ బరువూ తగ్గిపోయింది.

మన నవలకే వద్దాం. యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల' సైన్స్ కథ కాదు. కానీ పాఠం అదే. చదరంగం ఆటగాడు రేవంత్‌కి ఓ అమ్మాయి ఫోన్ చేసి తానెవరో కనుక్కోమంటుంది. ఆమె ముఖాన్ని పాఠకులు ఎవరికివారే ఊహించుకున్నారు. 1995లో కన్నడంలో సునీల్ కుమార్ దేశాయ్ దాన్ని 'బెళదింగళ బాలె'గా తీసినప్పుడు ఎంత పెద్ద హీరోయిన్ ముఖం చూపించినా కొందరు నొచ్చుకునేవారే. అందుకే ఆమెను చూపించకుండా గొంతుతోనే నడిపించాడు. చూడాలన్న తపనను అలాగే మిగిల్చాడు.

ఇక్కడ తీయాలంటే...

ఇప్పుడు కథలు పట్టుకుని సినిమాలు, వెబ్ సిరీస్‌ల వైపు చూస్తున్న కుర్రకారు విశాఖలోనూ ఉంది. సైన్స్ ఫిక్షన్ ప్రేమకథ అనగానే 'గ్రాఫిక్స్‌కి కోట్లెవరిస్తారు?' అన్న బెంగ పట్టుకుంటుంది. కానీ కాలం మనుషుల్ని విడదీయడమంటే ఏమిటో ఈ ఊరికి ఒకరు చెప్పాలా?

ఓడ ఎక్కితే నెలల తరబడి తిరిగిరాని మనుషుల ఇళ్లున్నాయి. నేవీలో ఉండి, ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేని కొడుకులున్నారు. స్టీల్‌ప్లాంట్‌లో సి షిఫ్ట్ చేసొచ్చి తండ్రి పడుకునే వేళకి పిల్లలు బడికెళ్లిపోయే ఇళ్లున్నాయి. ఒకే కప్పు కింద రెండు కాలాలు! తాను వెళ్లేటప్పుడు పాకుతున్న బిడ్డ, వచ్చేసరికి పరుగెత్తుకెళ్లి అమ్మ చాటున దాక్కుంటే ఆ తండ్రికి కాలప్రయాణం గురించి పాఠాలు అక్కర్లేదు.

క్లేర్ కథను గోపాలపట్నానికి తేవాలనుకుంటే అమెరికా లైబ్రరీని, మంచు రోడ్లను వదిలేయొచ్చు. జన్యులోపం పేరు మార్చుకోవచ్చు. రైలు గేటు దగ్గరో, సింహాచలం కొండ కనిపించే డాబా మీదో ఆమెను నిలబెట్టొచ్చు. అత్తగారితో 'ఈసారి ఎప్పుడొస్తాడమ్మా?' అని అడిగించొచ్చు. నిర్మాత వచ్చి 'చివర్లో త్వరగా కలిపేద్దాం బాబూ' అంటే మాత్రం... ఆ ఒక్కటీ ఒప్పుకోకూడదు!