వైద్యంలో వరుస ఎవరు నిర్ణయించాలి?



మందు తక్కువై, రోగులు ఎక్కువైనప్పుడు ముందు ఎవరికి ఇవ్వాలి? ఈ ప్రశ్న మన డిస్పెన్సరీ కిటికీ దగ్గరే పుట్టింది కాదు. 1960ల మొదట్లో అమెరికాలోని సియాటిల్ నగరంలో, మూత్రపిండాలు చెడినవారి రక్తం శుద్ధి చేసే యంత్రాలు కొద్దిగానే ఉండేవి. ఎవరిని ఎక్కించాలో తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. సభ్యుల పేర్లు బయటపెట్టలేదు. రోగి సంపాదన, చదువు, చర్చికి పోయే అలవాటు కూడా వారు లెక్కలోకి తీసుకున్నారు. 1962లో లైఫ్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. 1972లో ఆ వైద్యం ఖర్చు ప్రభుత్వం భరించేలా చట్టం వచ్చింది.

యంత్రాలు చాలకపోవడం ఎవరి నేరమూ కాదు. తలుపులు మూసుకుని మనిషికి ఖరీదు కట్టడమే అన్యాయం.

మన ఇ.ఎస్.ఐ.లో అలాంటి కమిటీ లేదు, జీతం గీత ఉంది. 2017 జనవరిలో దానిని 15,000 నుంచి 21,000 రూపాయలకు పెంచారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి గీత కదలలేదు. బియ్యం ధర కదిలింది, ఇంటి అద్దె కదిలింది. నాలుగు వందలు జీతం పెరిగి గీత దాటిన కార్మికుడి కార్డు కొన్ని నెలలకు చెల్లకుండా పోతుంది. సాంచాల ఖాతాలో ఇరవై ఏళ్లు పీల్చిన దూది ధూళి మాత్రం ఊపిరితిత్తుల్లోనే ఉంటుంది.

డబ్బు లేదనే మాటకు సుప్రీంకోర్టు 1996లోనే జవాబు చెప్పింది. రైలు నుంచి జారిపడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని, పడకలు లేవంటూ ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పిపంపాయి. పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి అతని తరఫున పోరాడింది. అత్యవసర వైద్యం నిరాకరించడం జీవించే హక్కును కాలరాయడమేనని, నిధుల కొరత సాకు కాదని కోర్టు తీర్పు చెప్పి, 25,000 రూపాయల నష్టపరిహారం ఇప్పించింది.

ఇక మన వైపు మాట. సిఫారసు చీటీ రాసిమ్మని చాలామంది యూనియన్ ఆఫీసుకు వస్తున్నారు. వారి బాధ మాకు తెలుసు. కానీ ఆ చీటీతో ఒకరు ముందుకు పోతే, చీటీ లేని బద్లీ కార్మికుడు, మన యూనియన్ పేరే తెలియని ముసలమ్మ వెనక్కి పోతారు. అందుకే వరుస దాటించే చీటీలు మేము ఇవ్వము. అందరి కోసం అడుగుతాము:

వరుస నియమాలు తెలుగులోనూ, స్థానిక భాషలోనూ గోడకు అంటించాలి.

వైద్యం కాదంటే కారణం కాగితం మీద రాసివ్వాలి.

దానిమీద అప్పీలు వినే చోటు ఉండాలి, అందులో కార్మికుడు కూర్చోవాలి.

ధూళి రోగానికి జీతం గీత అడ్డు రాకూడదు.

చందా మన చెమట. దాని ఖర్చు ఎలా నిర్ణయిస్తున్నారో అడగడం మన హక్కు. వచ్చే గేటు మీటింగుకు ప్రతి ఖాతా నుంచి రండి!