ఆమె గొంతు ఏమైంది?

పోయిన శనివారం ఒక కాలేజీకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లాను. జర్నలిజం విద్యార్థుల ప్రాజెక్టు వైవా. నలుగురేసి బృందంగా చేరి పది నిమిషాల లోపు డాక్యుమెంటరీ తీసి చూపించాలి. పొద్దున పదింటికి కూర్చుంటే తొమ్మిది సినిమాలూ అయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. అందులో ఒకటి ఇంకా నన్ను వదల్లేదు. బాగుండి కాదు, పోగొట్టిందాన్ని తలచుకుని.

ఆ సినిమా శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు మీద. పిల్లలు మంచి విషయం ఎంచుకున్నారు. కొండపత్తి గింజకి అంటుకుని ఉండే దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసే పని మరెక్కడుంది? ఆ సన్నని పళ్లే దువ్వెన. ఆ పని చేసేది ఆడవాళ్లు, చాలామంది వయసు మళ్లినవాళ్లు. దువ్వడం, ఏకడం, ఏకులు చుట్టడం, వడకడం, ఒక్కో దానికీ ఒక్కో చప్పుడుంటుంది. కళ్లు మూసుకుని వింటే ఏ పని జరుగుతోందో తెలుస్తుంది. నేను ఒకసారి ఆ వాకిట్లో కూర్చుని విన్నాను గనక చెబుతున్నాను.

సినిమా మొదలైంది. ఆకాశం నుంచి ఊరు. డ్రోన్ నెమ్మదిగా తిరుగుతుంటే వెనక వేణువు. దాని మీద ఇంగ్లీషు పేరు. తరవాత ఒక అవ్వ రాట్నం ముందు కూర్చుని ఉంది, స్లో మోషన్‌లో. చెయ్యి లేస్తోంది, దారం సాగుతోంది, వేణువు మోగుతూనే ఉంది. రాట్నం చప్పుడు లేదు. దువ్వుతున్న చప్పుడూ లేదు. అవ్వ పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం ఆమెది కాదు. స్టూడియోలో చదివిన కుర్రవాడి గొంతు పొందూరు ఖద్దరు ప్రఖ్యాతిని వర్ణిస్తోంది. ఏడు నిమిషాల సినిమాలో అవ్వ గొంతు వినిపించింది ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లలోనూ కింద వేణువు ఆగలేదు.

వైవాలో అడిగాను. "అవ్వతో ఎంతసేపు మాట్లాడారు?"

"నలభై నిమిషాలు సార్. చాలా చెప్పింది సార్. పెళ్లైన కొత్తలో అత్తగారి దగ్గర నేర్చుకున్నదంట."

"ఆ నలభై నిమిషాలూ ఏవి?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తీసేశాం సార్. మెమరీ కార్డు డిపార్ట్‌మెంట్‌ది. తరవాతి బ్యాచ్‌కి ఇవ్వాలి కదా సార్."

నాకు నోట మాట రాలేదు. అవ్వ చెప్పిందాంట్లో ఇప్పుడు మిగిలింది వేణువు కింద నలిగిన ఆ ఇరవై సెకన్లే.

పిల్లల్ని తప్పుపట్టను. నాలుగుసార్లు సొంత డబ్బుతో బస్సెక్కి వెళ్లొచ్చారు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డారు. నేర్పిందేదో అది శ్రద్ధగా చేశారు. నా కోపం నేర్పినవాళ్ల మీద. వాళ్లకు జరిగిన వర్క్‌షాపు వివరం అడిగాను. కెమెరాకు రెండు రోజులు. డ్రోన్‌కి ఒక రోజు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి వారం. శబ్దానికి ఒక గంట! ఆ గంటలోనూ చెప్పింది ఇంటర్నెట్‌లో ఉచిత సంగీతం ఎక్కడ దొరుకుతుందో.

రేడియోలో కొన్నేళ్లు పనిచేసినవాణ్ణి, శబ్దం విషయంలో నాకు పట్టుదల ఎక్కువే. మేము ఎడిటింగ్ నేర్చుకున్నది బ్లేడుతో. పావు అంగుళం టేపు సెకనుకి ఏడున్నర అంగుళాలు పరిగెత్తేది. మనిషి అర సెకను ఊపిరి పీల్చుకుంటే అది చేతిలో దాదాపు నాలుగు అంగుళాల టేపు. దాన్ని ఏటవాలుగా కోసి తీసెయ్యాలా, ఉంచాలా అని వేళ్లతో పట్టుకుని ఆలోచించేవాళ్లం. ఆ ఊపిరి తీసేస్తే మాట అబద్ధంలా వినిపించేది. కోసిన ముక్కని కూడా వెంటనే పారేసేవాళ్లం కాదు, మెడలో వేసుకునేవాళ్లం. ఎప్పుడు అవసరం పడుతుందో తెలీదు గనక. ఇప్పుడు టైమ్‌లైన్ మీద ఆ ఊపిరి కంటికి ఆనని సన్న గీత. ఒక మీట నొక్కితే పోతుంది. ఏం పోయిందో చేతికి తెలియదు.

ఎడిటింగంటే బొమ్మలు అతికించడమని అనుకునే అధ్యాపకులకు వాల్టర్ మర్చ్ సంగతి గుర్తుచేస్తాను. 'ది ఇంగ్లిష్ పేషెంట్' సినిమాకి ఒకే రాత్రి రెండు ఆస్కార్లు అందుకున్నాడాయన. ఒకటి ఎడిటింగ్‌కి, రెండోది శబ్దానికి. ఎక్కడ కోత పెట్టాలో చెబుతూ ఆయన వేసిన లెక్కలో నూటికి 51 పాళ్లు భావానికే. కథకి 23, లయకి 10. మన తరగతుల్లో వారం రోజులు నూరిపోసేవి, చూపు ఎటు పోతోంది, తెర మీద మనుషుల స్థానాలు కుదిరాయా లాంటివి, మూడూ కలిపితే మిగిలిన 16. అవ్వ మాట్లాడుతూ ఆగిన చోట భావం ఉంది. వేణువుని అడ్డం పెట్టి ఆ 51 పాళ్లనీ పారబోశారు.

పరికరాలు లేవని ఎవరూ అనొద్దు. రష్యా విప్లవం తరవాత మాస్కోలో ముడి ఫిల్మ్ దొరక్క సినిమా దర్శకుడు కులెషోవ్ శిష్యులు కెమెరాలో ఫిల్మే లేకుండా సన్నివేశాలు సాధన చేశారు. మన సినిమా స్టూడియోల్లో 400 అడుగుల రోలు వేస్తే నాలుగున్నర నిమిషాలకు అయిపోయేది, అందుకే బొత్తం నొక్కేముందు పదిసార్లు చూసుకునేవారు. ఇప్పుడు ప్రతి విద్యార్థి జేబులోనూ కెమెరా ఉంది. లేనిదల్లా మనిషి నోటికి జానెడు దూరంలో మైకు పెట్టాలన్న ఇంగితం, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినే ఓపిక. షూటింగ్ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం పాటు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి, కోతలు అతికేటప్పుడు కింద పరచడానికి. ఇది ఆ తొమ్మిది సినిమాలు తీసినవాళ్లలో ఒక్కరికీ తెలియదు. మూడు సినిమాల్లో మనిషి మాట కన్నా పైన తిరుగుతున్న ఫ్యాను ఎక్కువ వినిపించింది. ఆ గొడవ కప్పడానికే సంగీతం వేశామని ఒక అమ్మాయి నిజాయితీగా ఒప్పుకుంది కూడా.

ఎవరు ఎవరికి నేర్పాలో నాకు స్పష్టంగా తెలుసు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు పాతికేళ్ల కిందటే కెమెరా పట్టారు. జొన్నలూ కొర్రలూ పండించే చేతులవి. వారిలో బడి మొహం చూడనివారే ఎక్కువ. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి.సతీశ్ వాళ్లకు కెమెరా పని నేర్పించే ఏర్పాటు చేశారు. ఆ ఆడవాళ్లు షాట్లకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేలు షాట్. ఎందుకంటే పటేలు తమను అలాగే చూస్తాడు గనక. కింది నుంచి పైకి చూసేది వెట్టివాడి చూపు. కళ్లకు ఎదురుగా కళ్లు పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. వరంగల్ పత్తి రైతులకు బీటీ విత్తనాలతో జరిగిన నష్టాన్ని ఊళ్లు తిరిగి తీసింది ఆ ఆడవాళ్లే. 2008లో మొదలైన సంఘం రేడియో నడిపిందీ వాళ్లే.

ఆ లెక్కన డ్రోన్ కన్నా పెద్ద పటేలు షాట్ లేదు. నేను చూసిన తొమ్మిదింటిలో ఆరు సినిమాలు దాంతోనే మొదలయ్యాయి. మత్స్యకారుల సినిమా, మున్సిపల్ కార్మికుల సినిమా, ఆఖరికి చెరువు కింద మడి దున్నుకునే ఒక ముసలి రైతు సినిమా కూడా. ఆ మనుషుల మొహం చూడకముందే వాళ్ల నెత్తి చూపించారు. ఏ కోణం నుంచి చూస్తే ఎవరి పక్షం అవుతామో తెలియకుండా కెమెరా చేతికివ్వడం చదువు కాదు.

ఒక అధ్యాపకుడు టీ తాగుతూ అన్నారు: "సార్, బయట ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు సాఫ్ట్‌వేర్ వచ్చా, రీల్స్ చెయ్యడం వచ్చా అనే అడుగుతారు. మేమేం చెయ్యాలి?" ఆయన బాధ నిజమే. కానీ ఈ ఏటి సాఫ్ట్‌వేర్ మూడేళ్లకు మారిపోతుంది. వినడం వచ్చినవాడికి ఏ సాఫ్ట్‌వేర్ అయినా పది రోజుల్లో పట్టుబడుతుంది. వినడం రానివాడికి ఎన్ని నేర్పినా వేణువు దగ్గరే ఆగిపోతాడు.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఇరవై సెకన్లలో అవ్వ ఏమందంటే, "సేప దవడతో దువ్వితే ఆ మట్టీ మశానం ఎల్లిపోద్ది బాబూ. ఇప్పుడు కూకుని ఒడికీవోలేరీ?" అంది. తెర కింద అక్షరాలు పడ్డాయి, తెలుగులోనే: "చేప దవడ ఎముకతో శుభ్రపరచిన పిమ్మట మలినములు తొలగిపోవును. ప్రస్తుతము నూలు వడుకువారు కరవైనారు." తెలుగు మాటకి తెలుగులో అనువాదం! ఎందుకు వేశారంటే, "అందరికీ అర్థం కాదని మేడం వెయ్యమన్నారు సార్" అన్నారు. శ్రీకాకుళం మాట తెలుగువాళ్లకు అర్థం కాదా? గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా అది. జనం మాట్లాడేదే భాష అని ఆయన జీవితమంతా పోట్లాడాడు, సవరల దగ్గర కూర్చుని విని విని వాళ్ల భాషకు నిఘంటువు కూర్చాడు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసే కాలేజీల్లోనే ఆయన జిల్లా అవ్వ మాటను దిద్దుతున్నారు. టీవీ చానళ్లు ఇదే చేస్తున్నాయి. పాలమూరు కూలీ, పాడేరు గిరిజన మహిళ, చిత్తూరు టమాటా రైతు, ఎవరు మాట్లాడినా పది సెకన్లకు గొంతు తగ్గించి దాని మీద రిపోర్టర్ తన గొంతు ఎక్కిస్తాడు. పిల్లలు అది చూసి నేర్చుకున్నారు.

ఇలా పోగొట్టుకోవడం మనకు కొత్త కూడా కాదు. మొట్టమొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. అందులో వినిపించిన గొంతులు మునిపల్లె సుబ్బయ్యవీ సురభి కమలాబాయివీ. ఆ సినిమా ఇవాళ లేదు. ఆ మొదటి టాకీలో మాట ఎలా ఉండేదో మనలో ఎవరికీ తెలియదు. అంతకు ముందే, బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ నడిపిన భాషా సర్వే కోసం గ్రామఫోన్‌లో పట్టిన మన దేశపు గొంతులను మాత్రం షికాగో విశ్వవిద్యాలయం కంప్యూటర్‌కెక్కించి ఎవరైనా వినేలా పెట్టింది. వందేళ్ల కిందటి ఆ మనుషులు నేటికీ మాట్లాడుతున్నారు. నిరుడో మొన్నో మన పిల్లలు రికార్డు చేసిన మనుషులు మాట్లాడటం లేదు.

లెక్క కట్టి చూశాను. అవ్వ నలభై నిమిషాల గొంతు మాత్రమే, కుదించకుండా వేవ్ ఫైలుగా దాచుకుంటే 230 మెగాబైట్లు. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులో అలాంటి గొంతులు నాలుగు వేలు పడతాయి. డ్రోన్ కొన్న కాలేజీకి హార్డ్ డిస్కు కొనడం కష్టమా? రెండు రాష్ట్రాల్లో జర్నలిజం చెప్పే ప్రతి కాలేజీ నుంచీ ఏటా ఇలాంటి ప్రాజెక్టులు వస్తున్నాయి. చేనేత, కుమ్మరం, తోలుబొమ్మలాట, బుర్రకథ, ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట తీస్తూనే ఉన్నారు. అవన్నీ కార్డు ఖాళీ చెయ్యడానికి చెరిపేస్తున్నారు. సినిమాకి మార్కులు వేస్తున్నాం గానీ పూర్తి రికార్డింగుకు వెయ్యడం లేదు. వెయ్యాలి. నూటికి ముప్ఫై మార్కులు కోతపెట్టని ముడి రికార్డింగుకూ, ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ అని రాసిన కాగితానికీ కేటాయించి చూడండి. వచ్చే ఏడాదికల్లా పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు.

ఆ రోజు ఎక్కువ మార్కులు నేను వేసింది చివరి సినిమాకి. ఒకమ్మాయి బృందం లేకుండా ఒంటరిగా తీసింది. బస్టాండులో తెల్లవారుజామున టీ కొట్టు తెరిచే వాళ్ల నాన్న. డ్రోన్ లేదు, సంగీతం లేదు. స్టవ్ వెలిగిన చప్పుడు, గిన్నెలో గరిట, బస్సు హారను, "అన్నా, రెండు స్ట్రాంగ్" అనే మాట, ఆయన దగ్గు. ఒకచోట ఆయన కూతురివైపు తిరిగి, "చలిగా ఉంది, స్వెట్టర్ వేసుకోలేదేం?" అంటాడు. ఆ మాట ఎందుకు ఉంచేశావమ్మా అని అడిగితే, "తీసేద్దామనుకున్నాను సార్, తీసి చూస్తే నాన్నలా లేరు" అంది. ఆ అమ్మాయికి ఎడిటింగ్ వచ్చేసింది.

పొందూరు పిల్లలకు మాత్రం ఒక మాట చెప్పి వచ్చాను. ఆ అవ్వ ఇంకా ఉంది. మళ్లీ వెళ్లండి, కార్డు నేను కొనిస్తాను. ఈసారి డ్రోన్ వద్దు, వేణువు వద్దు. ఆమె ముందు చాప వేసుకుని కూర్చోండి. ఈ నెలలోనే వెళ్తామని ఒప్పుకున్నారు.

చదువుతున్న మీకూ ఒక మనవి. మీ వీధికో మీ పొలానికో ఇలాంటి పిల్లలు కెమెరా పట్టుకుని వస్తారు. తొందరపెట్టి పంపెయ్యకండి. టీవీ కట్టేసి, ఉక్కగా ఉన్నా ఆ కాసేపు ఫ్యాను ఆపి, మీ ఇంట్లో మీరు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. వాళ్లు బయల్దేరేటప్పుడు, ఆ రికార్డింగు ప్రతి ఒకటి మాకూ పంపమని అడిగి తీసుకోండి.